సెన్సర్ కొనేముందు వైరు చూడండి: పాత కారు ఫాల్ట్ కోడ్‌లు ఏం చెబుతాయి

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే ఇప్పుడు పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. అనంతపురంలో ఓ మాదిరి షెడ్డులో కూడా స్కానర్ ఉంటోంది. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెడతారు, అర నిమిషంలో కోడ్ వస్తుంది. ఆ వెంటనే వినపడే మాట దాదాపు ఒకటే: "అన్నా, సెన్సర్ పోయింది, మార్చాల." సెన్సర్ మారుస్తారు. కొన్నాళ్లు లైట్ రాదు. తర్వాత మళ్లీ అదే కోడ్. ఈసారి 'డూప్లికేట్ పార్టు పడింది' అని ఇంకొకటి తెప్పిస్తారు. దానికీ తగ్గకపోతే 'ఈసీయూ పోయింది' (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అంటారు, ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. పదేళ్లు దాటిన కార్లున్న రైతులు, టాక్సీ డ్రైవర్లు, చిన్న ఉద్యోగులు ఇలా అనవసరంగా నష్టపోతుంటే చూడలేకే ఇది రాస్తున్నాను. స్కానర్ తప్పు చెప్పలేదు. అది చెప్పిన దాంట్లో సగమే మనం వింటున్నాం.

ఈసీయూకి తెలిసేది వోల్టేజి ఒక్కటే. కూలెంట్ ఎంత వేడిగా ఉందో, గాలి ఎంత లోపలికి వస్తోందో, యాక్సిలరేటర్ ఎంత నొక్కామో దానికి నేరుగా తెలియదు. ఆ సెన్సర్ వైరు మీద ఎన్ని వోల్టులున్నాయో చూసి లెక్కగడుతుంది. ఆ వోల్టేజి ఉండాల్సిన హద్దుల్లో లేకపోతే కోడ్ రాసిపెడుతుంది. అది సెన్సర్ వల్ల జరిగిందా, వైరు వల్లా, కప్లర్‌లో (వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులో) పట్టిన చిలుము వల్లా, ఎర్త్ వల్లా అనేది ఈసీయూకి తేల్చుకునే దారి లేదు. అందుకే కోడ్ పూర్తి పేరులో ఎక్కువసార్లు 'సర్క్యూట్' అన్న మాట ఉంటుంది. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని కప్లర్, వైర్లు, ఎర్త్, ఈసీయూ పిన్ను, అన్నీ కలిపి.

పి0118 తీసుకుందాం. కూలెంట్ టెంపరేచర్ సర్క్యూట్, హై. చాలామంది దీన్ని 'ఇంజిన్ వేడెక్కుతోంది' అని చదువుకుంటారు. ఇక్కడ హై అన్నది వేడి గురించి కాదు, వోల్టేజి గురించి. ఈసీయూ తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా 5 వోల్టులు సెన్సర్ వైరుకు పంపుతుంది. సెన్సర్ రెండో కాలు ఎర్త్‌కు పోతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే సెన్సర్ రెసిస్టెన్స్ ఎక్కువ. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు ఉండేది, 80 డిగ్రీలకు వచ్చేసరికి మూడొందల ఓమ్‌ల చుట్టుపక్కలకు పడిపోతుంది. రెసిస్టెన్స్ తగ్గేకొద్దీ ఆ వైరు మీద వోల్టేజీ తగ్గుతుంది. మరి వైరు ఎక్కడో తెగిందనుకోండి. కరెంటు పారే దారి ఉండదు, 5 వోల్టులూ అలాగే నిలబడిపోతాయి. ఈసీయూ లెక్కలో దానర్థం మైనస్ 40 డిగ్రీలు. కడపలో మే నెల మధ్యాహ్నం, నలభై దాటిన ఎండలో, స్కానర్ తెర మీద కూలెంట్ మైనస్ 40 అని కనపడుతుంది. ఇంజిన్ గడ్డకట్టుకుపోయిందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. చాలా కార్లలో ముందుజాగ్రత్తగా రేడియేటర్ ఫ్యాన్‌ని కూడా ఆపకుండా తిప్పుతుంది. మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన వస్తోంది, ఫ్యాన్ ఆగట్లేదు అని ఓనరు వస్తాడు. ఈ మూడూ ఒకే వైరు పని కావచ్చు.

దీన్ని తేల్చడానికి కావాల్సింది చిన్న వైరు ముక్క, లైవ్ డేటా (సెన్సర్లు ఆ క్షణంలో ఇస్తున్న రీడింగులు) చూపించే స్కానర్. సెన్సర్ కప్లర్ ఊడదీయండి. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా లైవ్ డేటా చూడండి. మైనస్ 40 చూపించాలి. ఇప్పుడు కప్లర్‌లోని రెండు పిన్నులనూ ఆ వైరు ముక్కతో కలపండి. రీడింగు ఒక్కసారిగా 120 దాటి పైకి పోతే వైర్లు, ఎర్త్, ఈసీయూ అన్నీ బాగున్నట్టే. అప్పుడు సెన్సర్ కొనండి, నిశ్చింతగా. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉంటే ఎంత ఒరిజినల్ సెన్సర్ తెచ్చి పెట్టినా లాభం లేదు. అప్పుడు సిగ్నల్ పిన్నును కప్లర్‌లోని ఎర్త్‌కు కాకుండా నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు తాకించి చూడండి. రీడింగు కదిలితే తెగింది ఎర్త్ వైరు. అప్పటికీ కదలకపోతే సిగ్నల్ వైరు తెగింది, లేదా తప్పు ఈసీయూ పిన్ను దగ్గర ఉంది. ఐదు నిమిషాల పని. ఒక హెచ్చరిక: ఇలా కలిపి చూడటం రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్లకే. మూడు వైర్లున్న సెన్సర్ కప్లర్‌లో పిన్నులు తెలియకుండా కలపొద్దు. అందులో ఒకటి 5 వోల్టుల సప్లై.

అంటే కోడ్‌లో చివరి మాటే అన్నిటికంటే విలువైనది. టెంపరేచర్ సెన్సర్‌కు 'హై' అంటే ఎక్కువసార్లు తెగిన వైరు, 'లో' అంటే ఎర్త్‌కు తగిలిన వైరు. థ్రాటిల్ పొజిషన్ (గాలి తలుపు ఎంత తెరుచుకుందో చెప్పేది), మ్యాప్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో పీడనం చెప్పేది) లాంటి మూడు వైర్ల సెన్సర్లకు లెక్క మారుతుంది. 5 వోల్టుల సప్లై పోయినా 'లో' రావచ్చు, ఎర్త్ తెగితే 'హై' రావచ్చు. 'రేంజ్' లేదా 'పర్ఫార్మెన్స్' అని ఉంటే వోల్టేజి హద్దుల్లోనే ఉంది కానీ మిగతా సెన్సర్లు చెప్పేదానితో పొసగట్లేదు అని. 'ఇంటర్మిటెంట్' అంటే వచ్చిపోతోంది అని. షెడ్డులో వినపడే "మ్యాప్ సెన్సర్ కోడ్ వచ్చింది" అన్న మాటతో ఏ పనీ జరగదు. నంబరు పూర్తిగా అడిగి కాగితం మీద రాయించుకోండి.

నంబరు కట్టుబాటు కష్టమేం కాదు. మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేర్‌బాక్సు. బి బాడీ, సి బ్రేకులు స్టీరింగు, యు అంటే ఒక ఈసీయూ ఇంకో ఈసీయూతో మాట్లాడలేకపోతోంది అని. రెండో స్థానంలో సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్, ఇంటర్నెట్‌లో వేరే కంపెనీ అర్థం చూసి మోసపోకూడదు. బి కోడ్‌లలో ఎయిర్‌బ్యాగ్‌వి ఉంటాయి. ఆ పసుపు కప్లర్ల జోలికి మల్టీమీటర్ పట్టుకుని వెళ్లకండి, అది సర్వీస్ సెంటర్ పని.

అసలు స్కానర్ కనెక్టే కావట్లేదంటే దానికీ కారణం ఉంటుంది. మన దేశంలో బీఎస్-4 (వాహనాల పొగ మీద పెట్టిన ప్రమాణం) తొలిసారి 2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో వచ్చింది, వాటిలో హైదరాబాద్ ఒకటి. ఓబీడీ నిబంధన, అంటే కారు తన తప్పులను తానే పసిగట్టి కోడ్ రాయాలన్నది, దానితోపాటే మొదలై 2013లో గట్టిపడింది. దేశమంతటా బీఎస్-4 తప్పనిసరి అయ్యింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి 2011లో హైదరాబాద్‌లో కొన్న కారుకూ, అదే ఏడాది కడపలో కొన్న కారుకూ తేడా ఉండొచ్చు. అంతకుముందు చాలా కార్లలో 16 పిన్నుల సాకెట్ ఉన్నా లోపల కంపెనీ సొంత భాషే నడుస్తుంది. చవక బ్లూటూత్ స్కానర్‌కు అది అర్థం కాదు. ఇంకా పాతవాటిలో రెండు పిన్నులు కలిపితే చెక్ ఇంజిన్ లైటే మిణుకుమిణుకుమని కోడ్ లెక్క చెబుతుంది. కొత్త కారే అయినా స్కానర్ వెలగకపోతే ముందు సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ ఉన్నాయా చూడాలి. చాలా కార్లలో ఆ సాకెట్‌కూ సిగరెట్ లైటర్ సాకెట్‌కూ ఒకటే ఫ్యూజ్. చౌకరకం మొబైల్ చార్జర్ ఆ ఫ్యూజ్‌ను కాల్చేసి ఉంటే 'ఈసీయూ డెడ్' అన్న తీర్పు వచ్చేస్తుంది.

ఇక మన ప్రాంతం సంగతి. రాయలసీమలో బండి వైరింగ్ పాడయ్యే తీరు ఇక్కడి బతుకుతో ముడిపడి ఉంది. అనంతపురం జిల్లాలో వేరుశనగ కోతలయ్యాక కాయలు ఇంటి దగ్గరే ఆరబోస్తారు, గదుల్లో నిల్వ చేస్తారు. ఎలుకలు చేరతాయి. పక్కనే నిలిపిన కారు బానెట్ కింద వెచ్చగా ఉంటుంది. అక్కడ చేరి ఇంజెక్టర్ల వైర్లు, ఆక్సిజన్ సెన్సర్ వైర్లు కొరికేస్తాయి. ఆ రోజుల్లో వచ్చిన కోడ్‌కు స్కానర్ కంటే ముందు టార్చిలైటు వేయాలి. ఎండ ఇంకో శత్రువు. ఏళ్ల తరబడి వేడికి కప్లర్ల ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, లాక్ విరుగుతుంది, గతుకుల రోడ్డు మీద పిన్ను వదులవుతుంది. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు తిరిగే బళ్లకు రాతిదుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది.

నీళ్లు కూడా. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. 2022 అక్టోబర్‌లో అనంతపురంలో కాలనీలు నీళ్లలో ఉన్నాయి. మునిగిన కారు ఆరాక నడుస్తుంది, అమ్ముడూ పోతుంది. కానీ కార్పెట్ కింద కప్లర్లలోకి బురదనీరు వెళ్లి ఉంటే చిలుము మెల్లగా పెరుగుతూ నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కోడ్‌లు మొదలవుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు ఒకేసారి నాలుగైదు వస్తుంటే డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూడండి.

పాత కారులో నేను అన్నిటికంటే ముందు అనుమానించేది బ్యాటరీ, ఎర్త్. నిలిపి ఉంచిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. స్టార్టయ్యాక ఛార్జింగ్ 13.8 నుంచి 14.5 మధ్య. కొత్తతరం స్మార్ట్ ఛార్జింగ్ కార్లకు ఈ చివరి లెక్క వర్తించదు, పాతవాటికి బాగా పనిచేస్తుంది. బ్యాటరీ బలహీనంగా ఉంటే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఈసీయూకి సరిపడా కరెంటు అందక అర్థంలేని కోడ్‌లు రాస్తుంది.

ఎర్త్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మంచి ఎలక్ట్రీషియన్లు కూడా పొరబడతారు. మీటరును ఓమ్స్‌లో పెట్టి ఎర్త్ వైరు రెండు కొసలూ చూస్తారు, సున్నా చూపిస్తుంది, బాగుందంటారు. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు బాగుందనే అంటుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అత్యల్పం. బోరు మోటారు వేయకముందు ఫేజుల్లో వోల్టేజి నిండుగా చూపించి, స్విచ్ వేయగానే పడిపోవడం మన రైతులందరికీ తెలిసిందే, ఇదీ అంతే. లోడ్ ఉన్నప్పుడే కొలవాలి. మీటరును డీసీ వోల్టులలో పెట్టండి. నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, బిగించిన క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. ఎర్ర వైరు ఇంజిన్ బ్లాక్ మీద, రంగు లేని శుభ్రమైన చోట. ఇప్పుడు సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే బాగున్నట్టు. 0.5 దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డుంది. ఇంజిన్ నుంచి బాడీకి వేసిన జడలాంటి ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందో, క్లాంపు లోపల తెల్లటి పొడి పేరుకుందో చూడాలి. తర్వాత ఇంజిన్ ఆడుతుండగా హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి సెన్సర్ కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య చూడండి, 0.1 దాటకూడదు. ఐదు వోల్టుల లెక్కలో అర వోల్టు తేడా పడితే థ్రాటిల్ పదో వంతు తెరిచినట్టు ఈసీయూకి కనపడుతుంది.

కోడ్‌లు గుంపుగా వస్తే ఇంకో దారి. పి0107, పి0122 ఒకేసారి వచ్చాయంటే మ్యాప్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్ రెండూ ఒకే రోజు పోయాయని నమ్మడం కష్టం. ఆ రెండింటికీ 5 వోల్టుల సప్లై చాలా కార్లలో ఒకే చోటు నుంచి వస్తుంది. ఏదో ఒక సెన్సర్ లోపల షార్టయితే అది మిగతావాటినీ లాగేస్తుంది, ఒక్కోసారి ఇంజిన్ స్టార్ట్ కూడా కాదు. మీటరును ఒక కప్లర్‌లో 5 వోల్టుల పిన్ను మీద పెట్టి, ఆ లైను మీదున్న సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ పోండి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే దొంగ. అన్నీ తీసినా రాకపోతే ముందు వైరింగ్ చూడాలి, అదీ బాగుంటేనే ఈసీయూని అనుమానించే హక్కు మనకు వస్తుంది.

కొన్ని కోడ్‌లకు అసలు కరెంటుతోనే సంబంధం లేదు. పి0171 అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేదు అని. ఇది పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన మాట కాబట్టి ఆక్సిజన్ సెన్సర్‌నే మార్చేస్తారు, అది నిజం చెప్పినందుకు. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూడండి. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) ఉన్న కారులో ఐడిలింగ్‌లో ట్రిమ్ ప్లస్ 20 దాకా ఉండి, 2,500 ఆర్‌పీఎంకు తగ్గిపోతే ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి పీలుస్తోంది. ఐడిలింగ్‌లో బాగుండి, లోడ్ మీద పెరిగితే పెట్రోల్ పంపు, ఫిల్టర్ చూడాలి. మ్యాప్ సెన్సర్ మీద నడిచే చిన్న కార్లలో దొంగగాలి ఎక్కువగా ఐడిలింగ్ పెరగడంగా కనపడుతుంది, ట్రిమ్ అంతగా మారకపోవచ్చు.

మ్యాప్ సెన్సర్ మంచిదో కాదో మన ఊరే చెబుతుంది. కీ ఆన్, ఇంజిన్ ఆఫ్ లో ఆ సెన్సర్ చూపించాల్సింది బయటి గాలి పీడనం. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది, కాబట్టి 97 కిలోపాస్కల్ చుట్టూ రావాలి. కడప బాగా పల్లం, అక్కడ 99 దాకా వస్తుంది. వాతావరణాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ. అనంతపురంలో 85 చూపిస్తుంటే కోడ్ రాకపోయినా ఆ సర్క్యూట్ తప్పు చెబుతోంది. పెట్రోల్ కారు ఐడిలింగ్‌లో 30 నుంచి 40 మధ్యకు దిగాలి. ఇలాంటిదే ఇంకొకటి: రాత్రంతా నిలిపిన బండిలో తెల్లవారుజామున కీ ఆన్ చేస్తే కూలెంట్, లోపలికొచ్చే గాలి, రెండు టెంపరేచర్లూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి పది డిగ్రీలు పక్కకు ఉంటే ఆ సెన్సర్ మెల్లగా దారి తప్పుతోంది. వోల్టేజి హద్దు దాటలేదు కాబట్టి దీనికి కోడ్ రాకపోవచ్చు, మైలేజీ మాత్రం పోతుంది.

వచ్చిపోయే తప్పులు మనిషిని బాగా టెన్షన్ పెడతాయి. హైవే మీద గుత్తి దాటాక మధ్యాహ్నం ఎండలో ఇంజిన్ ఆగిపోతుంది, అరగంట చెట్టుకింద నిలబెడితే స్టార్టవుతుంది. ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ వేడికి మూగబోవడం దీనికి పాత కారణం, కోడ్ పి0335. ఆగిపోయిన ఆ క్షణంలోనే స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తే క్రాంక్ సిగ్నల్ రావట్లేదు. రెండొందల చుట్టూ చూపిస్తే సమస్య వేరేచోట, బహుశా పెట్రోల్ పంపు రిలేలో. చల్లారాక షెడ్డుకు తెచ్చి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. అందుకే పాత కారున్నవాళ్లు వందల రూపాయల్లో దొరికే చిన్న స్కానర్ ఒకటి బండిలోనే పెట్టుకోవడం మేలు.

షెడ్డుల్లో రెండు అలవాట్లు మానుకోమని చేతులు జోడించి అడుగుతాను. ఒకటి, ఇంజిన్ ఆడుతుండగా బ్యాటరీ వైరు ఊడదీసి డైనమో పనిచేస్తోందా చూడటం. ఈసీయూ లేని రోజుల్లో అది నడిచింది. ఇప్పుడు ఆ క్షణంలో వోల్టేజి ఎగిరి ఈసీయూని నిజంగానే చంపగలదు. రెండోది, వైరు ఇన్సులేషన్‌కు సూది గుచ్చి కరెంటు చూడటం, తెగిన చోట మెలిపెట్టి టేపు చుట్టడం. ఆ సూది రంధ్రంలోంచే తేమ వెళ్లి ఏడాదికి వైరు లోపల పచ్చబడుతుంది. కప్లర్ వెనకనుంచి సన్నటి పిన్ను దూర్చి చూడాలి. తెగిన వైరుకు సోల్డర్ వేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. గ్యాస్ కిట్ బిగించిన పాత పెట్రోల్ కార్లలో ఇంజెక్టర్ వైర్లను ఇలాగే కోసి కలిపి ఉంటారు. మిస్సింగ్ కోడ్ (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండట్లేదని) వస్తే ప్లగ్గుల తర్వాత చూడాల్సిన చోటు అదే.

కోడ్ క్లియర్ చేయడం గురించి కూడా చెప్పాలి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, ఆర్‌పీఎం, లోడ్ ఎంతున్నాయో ఈసీయూ ఒక నకలు దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ కొట్టగానే అది పోతుంది, చాలా పాత కార్లలో బ్యాటరీ వైరు తీసినా పోతుంది. ముందు ఫోనుతో దాన్ని ఫొటో తీసుకుని, ఆ తర్వాతే క్లియర్ చేయండి. క్లియర్ చేయకపోయినా, రిపేరు నిజంగా కుదిరితే సాధారణంగా వరుసగా మూడు ట్రిప్పులు బాగా నడిచాక లైట్ దానంతట అదే ఆరిపోతుంది. ఆలోగా స్కానర్‌లో 'పెండింగ్' అన్న చోట ఏమైనా మళ్లీ చేరుతోందా చూసుకోవచ్చు.

క్లియర్ చేసిన వెంటనే ఈసీయూ తన సొంత పరీక్షల ఫలితాలను కూడా చెరిపేసుకుని, ఒక్కోదాని ఎదురుగా 'నాట్ రెడీ' అని పెడుతుంది. అవన్నీ మళ్లీ 'రెడీ' అవడానికి చాలాసార్లు కొన్ని రోజుల మామూలు వాడకం పడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి వెళ్లినప్పుడు ఆ స్క్రీన్ తప్పకుండా తెరిచి చూడండి. కోడ్‌లు ఒక్కటీ లేవు, కానీ పరీక్షలన్నీ 'నాట్ రెడీ' అని ఉంటే, ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారని లేదా బ్యాటరీ తీశారని అర్థం. బ్యాటరీ కొత్తది వేశామంటే బిల్లు అడగండి. బిల్లు లేకపోతే బేరం అక్కడ ఆపి, వారం వాడాక మళ్లీ చూపించమనండి.